నర్సింహమ్మ పాసు మీద

ఒక మందు తయారీలో ట్రేలు కడిగిన స్త్రీకి, కడిగినందువల్లనే, అదే మందును నిరాకరించవచ్చునా? ఈ ప్రశ్నను పోయిన నవంబరులో కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి అడిగాను. పదకొండు నెలలైంది. కాగితం అందినట్టు నా దగ్గర రసీదు ఉంది. జవాబు లేదు.

సంగారెడ్డిలో ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు రసాయనశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఆ తరువాత పటాన్‌చెరు దగ్గరి ఒక ప్రైవేటు ఆసుపత్రి తన ఎథిక్స్ కమిటీలో నన్ను సభ్యురాలిగా తీసుకుంది. కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ముందు, ఆ పరీక్ష న్యాయంగా ఉందో లేదో చూడవలసిన కమిటీ అది. అందులో వైద్యులు కానివారు ఒకరైనా ఉండాలి, స్త్రీలు ఒకరైనా ఉండాలి. నా ఒక్కదానితో రెండు ఖాళీలూ నిండాయి.

మా ముందుకు వచ్చిన మందు పెద్దపేగు క్యాన్సర్‌కు సంబంధించినది. మందు పాతదే. దాన్ని మోసుకుపోయే పద్ధతి కొత్తది. మామూలు కీమో రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. కణితితో పాటు జుట్టు కుదుళ్లనూ నోటి పొరనూ కాలుస్తుంది. కొత్త పద్ధతిలో అదే మందును కొవ్వు వంటి ఒక పదార్థపు పొరలో చుట్టి నానో రేణువులుగా మారుస్తారు. ఒక్కో రేణువు తల వెంట్రుక మందంలో దాదాపు ఎనిమిది వందల్లో ఒక వంతు ఉంటుంది. కణితి ఆత్రంగా పెరుగుతుంది కనుక దాని రక్తనాళాల గోడలు సరిగా అతుక్కోవు, సందులు మిగులుతాయి. గట్టిగా ఉన్న నాళాలను దాటలేని ఈ రేణువులు ఆ సందుల్లోంచి లోపలికి జారి, అక్కడ పొర విప్పుకుంటాయి. ఈ ఆలోచనను మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. నేను చెప్పబోయే దానిలో దోషం రేణువుది కాదు.

కణితికి చేరని రేణువులు చాలావరకు కాలేయంలో దిగుతాయి. కనుక పరీక్షా పత్రం నాలుగో పేజీలో ఏడో నిబంధన ఇలా ఉంది: గడచిన ఐదేళ్లలో మందులు, రంగులు, ద్రావకాలు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేసిన వారిని ఈ పరీక్షలో చేర్చుకోరాదు.

పోయిన ఏడాది జూలై సమావేశంలో నేను లేచి, పటాన్‌చెరులో కూర్చుని ఈ నిబంధన పెడితే ఇక మిగిలేది ఎవరని అడిగాను. పరీక్షకు బాధ్యుడైన డాక్టర్ రాజారావు నెమ్మదస్తుడు, రోగులు ఇష్టపడే మనిషి. ద్రావకాల ఆవిరి ఏళ్ల తరబడి పీల్చిన కాలేయం ముందే అలసి ఉంటుందని, ఆపైన దెబ్బతింటే ఆ దెబ్బ మందుదో ఫ్యాక్టరీదో తేల్చలేమని ఆయన వివరించాడు. శాస్త్రం ప్రకారం అది సరైన జవాబు. నేను సంతకం చేశాను. ఒక షరతు మాత్రం పెట్టాను: మొదటి పదిమందికి సమ్మతి పత్రం చదివి వినిపించేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను. ఆ షరతును సంతోషంగా ఒప్పుకున్నారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నారు.

నాలుగో మనిషి మొగులమ్మ.

బొంతపల్లి నుంచి కూతురు రవళితో వచ్చింది. రవళి ఒకప్పుడు నా విద్యార్థిని. ఇప్పుడు బీరంగూడలో రక్తపరీక్షల సెంటరులో పనిచేస్తోంది. నన్ను చూడగానే ఆ పిల్ల ముఖంలో కనిపించింది సంతోషం కాదు, భయం. కారణం నాకు అరగంట తరువాత తెలిసింది.

మొగులమ్మకు యాభై రెండేళ్లు. మొదటి కీమో ఆరు విడతలు అయ్యాయి, కణితి మళ్లీ పెరిగింది. మామూలు చికిత్సకు లొంగని వారికే ఈ కొత్త మందు. కూర్చున్నంతసేపూ పొట్టమీద చెయ్యి తీయకుండా, పత్రమంతా శ్రద్ధగా విన్నది. రేణువుల సంగతి చెప్పినప్పుడు ఒక్కటే అడిగింది: కంటికి కానరానిది లోపలికి పోయినట్టు ఎట్ల తెలుస్తది? మంచి ప్రశ్న. జవాబు చెప్పడానికి కోఆర్డినేటరు పవన్‌కు పది నిమిషాలు పట్టింది.

ఏడో నిబంధన దగ్గర పవన్ ఏం పని చేస్తావని అడిగాడు. కైకిలి పని, అంటే కూలి అన్నది. ఫ్యాక్టరీలోనా అన్నాడు. రవళి అందుకుని, పొలాల్లోనే సార్, అన్నది. తల్లి నేల చూసింది.

సంతకం రాదు కనుక వేలిముద్ర తీసుకున్నారు. బొటనవేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తితే మచ్చ పడింది. అందులో గీతలు లేవు. రెండోసారి ఒత్తారు, మూడోసారి ఎడమ చేతిది ఒత్తారు. అన్నీ నున్నటి నీలం మచ్చలే.

"రేషన్ దుకాణంల గూడ గింతే సారు," అన్నది మొగులమ్మ, తప్పు తనదైనట్టు. "మిషను నన్ను గుర్తువట్టదు. నా బిడ్డ ఏలు వెడితేనే బియ్యం ఇస్తరు."

నాట్లు వేసిన చేతులు గరుకెక్కుతాయి, కాయలు కాస్తాయి. ఇలా నున్నబడవు. వేలి చర్మంలోని నూనెను రోజూ కడిగివేసేవి ఏవో నాకు తెలుసు. వాటి పేర్లను ముప్పై ఒక్క సంవత్సరాలు నల్లబల్ల మీద రాశాను.

అప్పుడు పవన్ మొదటి బయాప్సీ రిపోర్టు అడిగాడు. రవళి సంచిలో వెతికినట్టు చేసి, ఇంట్లో మరిచిపోయామన్నది. అది లేకుండా ముందుకు సాగదని అతను అన్నాడు. మొగులమ్మ కూతురి సంచి తన ఒళ్లోకి లాక్కుని, అడుగునుంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. బయాప్సీ, ఆరు విడతల కీమో, స్కానింగులు, అన్నీ ఉన్నాయి. ప్రతి కాగితం మీదా పేరు నర్సింహమ్మ.

పవన్ కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"గది నేనే సారు," అన్నది మొగులమ్మ. "గేటు లోపల నా పేరు గదే."

బొంతపల్లి శివారులో ఒక మందుల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, భూమి ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక ఉద్యోగపు పాసు ఇచ్చారు. నర్సింహమ్మ ఇంటివారు భూమి ఇచ్చారు, పాసు పుచ్చుకున్నారు. ఊళ్లో నలుగురూ తన మాట వినే ఇల్లాలు ఫ్యాక్టరీకి పోయి ట్రేలు కడగదు కదా. ఆ పొలంలోనే కలుపు తీసి బతికిన మొగులమ్మకు భూమి లేదు కనుక పాసు లేదు. పొలం పోయింది కనుక పని కూడా లేదు. నర్సింహమ్మ తన పాసును ఆమె మెడలో వేసింది. బదులుగా ప్రతి ఆదివారం వారి కొట్టంలో పెండ తీసి, బర్లను కడిగి రావాలి. గేటు దగ్గర అందరికీ టోపీ, మాస్కు. కనిపించేవి కళ్లు మాత్రమే. పాసు మీది ఫొటో ఎవరిదైనా సరిపోతుంది. లేబర్ కాంట్రాక్టరు ఓదెలుకు తలల లెక్క సరిపోతే చాలు. ఇలా పన్నెండేళ్లు మొగులమ్మ గేటు లోపల నర్సింహమ్మగా పలికింది. కార్మికుల బీమా కార్డు కూడా ఆ పేరు మీదనే. రక్తం పడినప్పుడు ఆ కార్డు పట్టుకునే దవాఖానకు పోయింది. ఆ విధంగా క్యాన్సర్ నర్సింహమ్మకు వచ్చింది.

ఆ ఫ్యాక్టరీల వరుసలో ఇటువంటి పాసులు చాలా ఉన్నాయని రవళి చెప్పింది. ఎవరూ దాన్ని మోసం అనుకోరు. చీర ఎరువు ఇచ్చినట్టు పేరు ఎరువు ఇస్తారు.

రాజారావు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశాడు. రెండు పేర్లున్నవారు మన దగ్గర చాలామంది ఉంటారని, సంగారెడ్డి కోర్టు దగ్గర నోటరీ చేత 'రెండు పేర్లూ నావే' అని ఒక అఫిడవిట్ రాయించుకు వస్తే తనకు సరిపోతుందని అన్నాడు. ఆ రెండో పేరు ఎందుకు వచ్చిందని పత్రం అడగదు. కనుక తానూ అడగడు.

"దుర్గాదేవి గారూ, ఆమెకు ఇంకో మందు లేదు," అన్నాడు. "మీరు చూసినదాన్ని చూడలేదనుకుంటే చాలు."

రెండు రోజులు గడువు అడిగాను.

వరండాలో మొగులమ్మ పక్కన కూర్చుని, లోపల ఏం కడిగేదానివని అడిగాను. మొదటి తొమ్మిదేళ్లు పాత బ్లాకులో డ్రమ్ములు, చివరి మూడేళ్లు కొత్త బ్లాకులో స్టీలు ట్రేలు అన్నది. అక్కడ పొడి తెల్లగా, మైనంలాగా చేతికి అంటుకుంటుందట. నీళ్లకు వదలదు. వాసన వచ్చే 'సాల్వెంటు'లో గుడ్డ ముంచి తుడవాలి. గ్లౌజులు ఇస్తారు గాని అందులో అవి రెండు రోజుల్లో కరిగి జిగటగా అవుతాయి, కొత్తవి నెలకొకసారే.

"అద్దం లెక్క మెరవాలె మేడమ్. ఇంజనీరు సారు ఆడ టార్చిలైటు గొట్టి సూస్తడు. నా ట్రే ఒక్కనాడు గూడ వాపసు రాలే."

ఆ మాట అంటున్నప్పుడు మాత్రం తల ఎత్తింది.

ఇంటికి వచ్చి పరీక్షా పత్రం మళ్లీ తీశాను. నూట పన్నెండో పేజీలో రేణువు మీది కొవ్వు పొరకు ముడిపదార్థం ఎక్కడినుంచి వస్తుందో చిరునామా ఉంది. బొంతపల్లి శివారులోని అదే ఫ్యాక్టరీ. జూలైలో ఆ పేజీ కూడా చదివాను. చిరునామా చదివి, మనుషులను చదవలేదు.

మర్నాడు బొంతపల్లి వెళ్లాను. నర్సింహమ్మ ఒక కాగితం రాసి ఇస్తే, నా పాసు మీద ఈ మనిషే పని చేసిందని ఒప్పుకుంటే, కమిటీ ముందు పెట్టడానికి ఆధారం ఉంటుందనుకున్నాను. ఆమె అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నా మాట సాంతం వినలేదు. రాజారావు సలహా మీద రవళి అప్పుడే రాయించుకొచ్చిన అఫిడవిట్ సంగతి అంతకు గంట ముందే ఆమెకు తెలిసిపోయింది.

"నేను, గా మొగులి ఒక్కటేనంట. కోర్టుల స్టాంపు గుద్ది ఇచ్చిండ్రంట," అన్నది. "ఇయ్యాల పేరు ఆమెదంటరు. రేపు నా పేరు మీదున్న రెండెకరాల పట్టా ఎవరిదంటరు మేడమ్? సదువుకున్నోళ్లు మీరు జెప్పున్రి."

ఆమె భయం అర్థం లేనిది కాదు.

"దవాఖానోళ్లు నెలకోపారి ఫోన్ జేస్తరు. అమ్మా నర్సింహమ్మా, కడుపుల నొప్పి ఎట్లున్నది, ఇరేచనం సాఫ్ గ అయితున్నదా అని. నేను మంచిగున్న, పొద్దుగాల నాలుగు రొట్టెలు తిన్న అంటే నమ్మరు. పానం గట్టిజేసుకో అవ్వా అని నాకే ధైర్నం జెప్తరు." చింతగింజలను చేటలోకి విసిరింది. "మా మనవరాలు మహిత నవ్వలేక సచ్చింది. నాకు నవ్వు రాలే. కాగితం మీద నేను సగం సచ్చి ఉన్న."

మొగులమ్మ గురించి చెడుగా ఒక్క మాట అనలేదు. పనిమంతురాలు అన్నది. పోయిన ఆదివారం కూడా వచ్చి పెండ తీసిపోయిందన్నది. కీమో చేయించుకున్న మనిషి చేత పెండ ఎత్తించావా అని అడిగాను. నేను రమ్మన్ననా, పాసు వాపసు దీసుకుంటనని భయపడి ఆమెనే వచ్చింది, అన్నది. కాగితం రాసి ఇవ్వలేదు.

అక్కడినుంచి మొగులమ్మ ఇంటికి నడిచాను. రేకుల ఇల్లు, ఒక గది. నోటరీ కాగితం దేవుడి పటం వెనుక దాచి ఉంది. నేను వచ్చిన పని ఆమె గ్రహించింది. రవళిని బయటికి పంపింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నువ్వు చేసిన పని సంగతి బయటపడితే నిబంధన ప్రకారం నిన్ను తీసేస్తారు. దాచితే మందు దొరుకుతుంది. కాని రేణువులు పోయి కూర్చునేది కాలేయంలో. పన్నెండేళ్లు ఆ ఆవిరి పీల్చిన కాలేయం ఎంత ఓర్చుకుంటుందో ఎవరికీ తెలియదు. వారు చూసుకునే జాగ్రత్త పొలంలో పనిచేసిన కాలేయానికి సరిపోయేది. నీకు ఏమైనా అయితే కారణం తప్పుగా రాసుకుంటారు. ఆ తప్పు లెక్కతోనే రేపు ఇంకొకరికి మందు ఇస్తారు.

ఆమె అడిగింది: "కార్జం కరాబైతే ఎన్ని దినాలు?"

చెప్పలేనన్నాను.

"మందు లేకపోతే ఎన్ని దినాలు?"

రాజారావు ఫైలులో ఆరు నుంచి తొమ్మిది నెలలని రాశాడు. అది ఆమెకు చెప్పాను. అడిగినవారికి చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు.

"అయితే మీరు ఊకోండ్రి మేడమ్," అన్నది. "పన్నెండేండ్లు అబద్ధం పేరు మీద కడిగిన. ఇంకో ఆరు నెలలు అబద్ధం మీద బతుకుత. మీరు జెర ఊకోండ్రి. గంతే."

ఆ రాత్రి నేను నిద్రపోయాను. ఇది కూడా చెప్పాలి. ఏం చేయాలో నాకు అప్పటికే తెలుసు కనుక నిద్ర పట్టింది.

బుధవారం కమిటీలో అంతా చెప్పాను: పాసు, ట్రేలు, నూట పన్నెండో పేజీ. అక్కడితో ఆగలేదు. ఏడో నిబంధనను మార్చాలని లిఖితంగా ప్రతిపాదించాను. ఫ్యాక్టరీల్లో పనిచేసిన వారిని తీసివేయకుండా వేరే జట్టుగా చేర్చుకోండి. సగం మోతాదుతో మొదలుపెట్టి, వారం వారం కాలేయ పరీక్ష చేసి, వారి లెక్కలు విడిగా రాయండి. ఈ జబ్బుతో ఈ నేల మీద ఉన్న మనుషులకు ఈ మందు పనిచేస్తుందో లేదో తెలియాలంటే వేరే దారి లేదు. రాజారావు నా వైపు మాట్లాడాడు. ఆ గౌరవం ఆయనకు దక్కాలి. మందు కంపెనీ ప్రతినిధి ఫోనులో మర్యాదగా, ఆ మార్పుకు కొత్త అనుమతులు కావాలని, తొమ్మిది నెలలు ఆలస్యమవుతుందని చెప్పాడు. ఐదుగురు వద్దన్నారు, ఇద్దరం కావాలన్నాం.

మొగులమ్మ పేరు జాబితాలోంచి తీసేశారు. కారణం అన్న గడిలో 'ఏడో నిబంధన' అని ఉంది. ఆమె పన్నెండేళ్ల పని అసలు పేరుతో నమోదైన మొదటి కాగితం అదే.

ఆ కబురు నేనే చెప్పాలని ఆసుపత్రి వరండాలో నిలబడ్డాను. రవళి నా ముఖం చూడలేదు, ఇప్పటికీ చూడదు. మొగులమ్మ చూసింది. కోపంతో కాదు, ట్రే మీద మరక ఉందేమోనని వెతికే కన్నుతో చూసింది.

"మీరు నిజం జెప్పిండ్రు మేడమ్. మంచిగనే ఉన్నది. మీకేం బోయింది?"

ఆ సాయంత్రమే కమిటీకి ఆ మొదటి ప్రశ్న రాసి ఇచ్చాను. నిబంధనకు నేను సంతకం చేశాను, దాన్ని అమలు చేయించినదీ నేనే. కనుక అడిగే హక్కు అందరికంటే నాకు తక్కువ. అయినా అడిగేవారు ఇంకెవరూ లేరు.

మొగులమ్మకు పాత రకం మందులోనే ఇంకొకటి ఇచ్చారు. అరచేతులు పొక్కి, నోట్లో అన్నం పెట్టుకోలేక, ఈ ఆగస్టు పందొమ్మిదిన పోయింది. మరణ ధ్రువపత్రం రవళి నాకు పంపింది, మాట ఏమీ రాయకుండా. అందులో పేరు మొగులమ్మ. వృత్తి అన్నచోట 'ఇంటిపని' అని ఉంది.

బీమా ఆసుపత్రిలో నర్సింహమ్మ ఫైలు ఇంకా మూయలేదు. చికిత్సకు రావడం లేదేమని నెలనెలా ఫోను వస్తూనే ఉంది. ఫ్యాక్టరీ హాజరు పట్టీలో నర్సింహమ్మ ఒక్క వారం కూడా గైరుహాజరు కాలేదు. మొగులమ్మకు చేతకాకపోయాక, జనవరి నుంచి ఆ పాసు ముత్యమ్మ మెడలో ఉంది. ముత్యమ్మకు ముప్పై నాలుగేళ్లు. కొత్త బ్లాకులోనే, ట్రేలే. ఆదివారాలు పెండ తీయడానికి వస్తుంది.

ఆ పనివల్లనే మొగులమ్మకు ఆ జబ్బు వచ్చిందని నేను అనను. అనాలంటే లెక్క కావాలి. ఎందరు కడిగారు, ఎన్నేళ్లు కడిగారు, వారిలో ఎవరికి ఏమైంది అన్న లెక్క. లెక్క ఉండాలంటే పేరు ఉండాలి. వెంట్రుకలో ఎనిమిది వందల్లో ఒక వంతు ఉన్న రేణువు కాలేయంలో ఎక్కడ ఆగిందో చూపించే యంత్రాలు మన దగ్గర ఉన్నాయి. గేటు లోపల ఐదడుగుల మనిషి ఎవరో చెప్పగల పుస్తకం లేదు.

ఇది చదువుతున్న మీ ఇంట్లో ఏదో ఒక మందు ఉంటుంది. రక్తపోటుకో, చక్కెరకో, జ్వరానికో. లేచి వెళ్లి ఆ అట్టపెట్టె తెచ్చుకోండి. వెనుకవైపు చిన్న అక్షరాల్లో తయారైన చోటు రాసి ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని చదవండి. ఆ చిరునామాకు ఈ రోజే ఒక ఉత్తరం రాయండి. ఈ మందు ట్రేలు కడిగినవారి అసలు పేర్లు చెప్పమని అడగండి. ఎంతమంది అన్న సంఖ్య పంపితే తిప్పి పంపండి. పేర్లు వచ్చేదాకా అడగండి.